పని మెరుగుపరచుకోవాలి

నేను ఒక రబ్బరు ముద్రను. నా ఒంటి మీద 'పని మెరుగుపరచుకోవాలి' అని ఉంటుంది. పుట్టినప్పుడు ఆ అక్షరాలు చూసుకుని ఎంత మురిసిపోయానో, ఇప్పుడు వాటిని మోయడానికి అంత సిగ్గుపడుతున్నాను.

నన్ను చేయించింది కూర్మారావు గారు, పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీ మేనేజరు. ఏటా ఏప్రిల్‌లో పనివాళ్లకు ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇవ్వాలి. ఈ ఏడాది నీ లక్ష్యం ఇదీ అని అందులో రాయాలి. కొత్తవాళ్లనైతే ఏడాది చివర ఆ లక్ష్యం అందుకున్నారో లేదో చూసే పర్మినెంటు చేస్తారు, లేదంటే ఇంటికి పంపుతారు. అరవై మందికి రాసేసరికి ఆయన చెయ్యి పడిపోయేది. అందరికీ రాసేది ఎలాగూ ఒకటే కదా, ముద్ర కొట్టేస్తే పోలేదా అనుకున్నారు. బాయిలరు మేస్త్రీకీ నేనే, పొట్టు తీసే ఆడవాళ్లకీ నేనే, టీ కాచే అప్పలస్వామికీ నేనే. పాపం అప్పలస్వామి పంచదార పెంచాలో తగ్గించాలో తెలియక, ఒక రోజు పెంచాడు, మర్నాడు తగ్గించాడు. నాకు నవ్వొచ్చింది.

ఆ నవ్వు దాలమ్మ దగ్గర ఆగిపోయింది. పప్పు మీద పొట్టు ఒలిచే పని ఆమెది, చేరి కొద్ది రోజులే. భర్తకు కిడ్నీలు చెడ్డాయి. పర్మినెంటు అయితే అతని వైద్యానికి ఆసుపత్రి కార్డు వస్తుంది. కూడబలుక్కుని నన్ను చదువుకుంది. మెరుగంటే వేగమే అనుకుంది. వేళ్లు పొక్కినా ఆగకుండా, రోజుకు ఎనిమిది కిలోలు ఒలిచేది పన్నెండుకు తెచ్చింది. ఆ తొందరలో పప్పు విరిగిపోతుంటే, అది తప్పని ఎవరూ ఆమెకు చెప్పలేదు. కూర్మారావు గారికి కావలసింది విరగని పప్పు. ఆ సంగతి ఆయన మనసులోనే ఉండిపోయింది.

ఏడాది తిరిగాక ఆమెను పిలిచారు.

"నూటికి ఇరవై పప్పులు విరిగిపోతున్నాయి, దాలమ్మా. ఐదు దాటితే ఉంచుకోలేం."

"ఐదని నాకెవలు సెప్పారు బాబూ? బేగి సెయ్యాలనుకున్నాను. నిదానంగా సెయ్యమంటే సెయ్యనా?"

"మెరుగుపరచుకోమని కాగితంలో ఉంది కదా."

ఆమె మడతలు విప్పి కాగితాన్ని బల్ల మీద పెట్టింది. "ఇందులో ఐదు ఎక్కడుందో సూపండి."

ఆయన కాగితాన్ని మడిచి ఆమె వైపు తోశారు. తీసేసేవాళ్ల జాబితా అప్పటికే పై ఆఫీసుకు వెళ్లిపోయిందని మాత్రం గొణిగారు. ఆమె వెళ్లిపోయింది. నాకు తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమెకు పని చేతకాక కాదు, నాకు చెప్పడం చేతకాక పోయింది ఆ ఉద్యోగం.

ఆమె చోట చేరబోయే మనిషి కాగితం అప్పటికే బల్ల మీద ఉంది. అలవాటుకొద్దీ ఆయన చెయ్యి నా దాకా వచ్చి ఆగింది. నన్ను పక్కకు నెట్టి పెన్ను తీశారు. 'నూరు పప్పుల్లో విరిగినవి ఐదుకు మించకూడదు. వేగం సంగతి తర్వాత' అని రాశారు.

రాసి తలెత్తేసరికి దాలమ్మ ఇంకా గేటు దగ్గరే ఉంది, సంచి తనిఖీ చేయించుకుంటోంది. కిటికీలోంచి పిలిస్తే వినపడే దూరం. కూర్మారావు గారు పిలవలేదు.