ప్లాను మీద పెన్సిల్ సున్నా

మూడోసారి కూడా ఆ సున్నా అక్కడే ఉంది.

నేను గీసిన ప్లాను మీద, వంటింటి గుమ్మం పక్కన, ఎవరో పెన్సిల్‌తో పెట్టిన సున్నా. రూపాయి బిళ్ళంత ఉంటుంది. రెండుసార్లు రబ్బరుతో చెరిపేశాను. రెండుసార్లూ ప్లాను ఇల్లు కట్టించుకునేవాళ్ళ దగ్గరికి వెళ్ళి తిరిగొచ్చేసరికి మళ్ళీ మొలిచింది.

అది 2002, ఏప్రిల్ నెలాఖరు. గృహప్రవేశానికి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి.

ఇప్పుడు గుంటూరులో దేవకుమారి అని నా పేరున ఒక ఆఫీసుంది. గదిని కంప్యూటర్‌లో గిర్రున తిప్పి చూపిస్తాం. అప్పుడు నాకున్నదల్లా నల్లపాడులో మా ఇంటి వరండా, అందులో ఒక డ్రాయింగ్ బోర్డు, హైదరాబాదులో చేసిన రెండేళ్ళ డిప్లొమా. చేతిలో ఉన్న పని కూడా ఒక్కటే. సత్తెనపల్లిలో పురుగుమందుల కొట్టు వీరాంజనేయులు గారు కడుతున్న కొత్తింట్లో డైనింగ్ రూము.

మొదటిరోజు ఆయన ఒక ఇంగ్లీషు పత్రికలోంచి చింపిన కాగితం నా ముందు పెట్టాడు. గుండ్రటి అద్దం బల్ల, చుట్టూ ఎత్తువీపు కుర్చీలు, పైన గొడుగులాంటి దీపం.

"అచ్చం ఇట్టాగే రావాలమ్మాయ్. మా తమ్ముళ్ళిద్దరు కూడా పునాదులు తీస్తున్నారు. ఇది కుదిరితే ఆ రెండిళ్ళూ నీకే. కుదరకపోతే గుంటూరులో పెద్ద కంపెనీ వాళ్ళు కాచుకుని ఉన్నారు."

"ఇంట్లో ఎంతమందండీ?"

"నేను, మా నాన్న, పిల్లలిద్దరు. నలుగురం. వచ్చిపోయేవాళ్ళకి రెండు. ఆరు కుర్చీలు."

ఆరు అని రాసుకున్నాను. ఆ లెక్కలో నాకే తప్పూ కనపడలేదు. పక్కనే కాఫీ గ్లాసులు పట్టుకుని నిలబడిన ఆయన భార్య శివపార్వతి గారికీ కనపడలేదు.

సున్నా మొదటిసారి కనపడ్డప్పుడు అది వాస్తు చూసిన సిద్ధాంతి గారి పని అనుకున్నాను. చేతులు కడుక్కునే బేసిను అక్కడ ఉండాలని గుర్తు పెట్టాడేమో. ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేస్తే ఆయనకు కోపం వచ్చింది. "నేను పెన్సిల్ పట్టనమ్మా. ఎర్ర సిరాతో రాస్తాను. నా మాట చెరిపేది కాదు."

రెండోసారి వీరాంజనేయులు గారినే అడిగాను. "ఫ్రిజ్జేమో, మా నాన్న గీసుంటాడు" అన్నాడు. ఆయన తండ్రి యలమందయ్య గారు అరుగు మీద నుంచే సమాధానం చెప్పారు. "కళ్ళజోడు లేకపోతే నాకు గుమ్మమే కనపడదు. సున్నా యాడ గీస్తాను?" పెద్దమ్మాయి శ్రీరమ్యకు పదో తరగతి పరీక్షలు అయిపోయాయి, పెన్సిల్ మొహం చూడనంది. తొమ్మిదేళ్ళ తేజశ్రీ అయితే నన్ను జాలిగా చూసింది. "నేను గీస్తే పువ్వు గీస్తానండీ. సున్నా ఎందుకు గీస్తాను?"

ఇక ఇది మూడోసారి.

కొత్తింట్లో, సిమెంటు వాసన పోని ఆ గదిలో, ప్లాను కిటికీ గట్టు మీద పరిచాను. మేస్త్రీ బుడాన్ పక్కనే రంపానికి పదును పెడుతున్నాడు. పిడుగురాళ్ళ మనిషి. నలభై ఏళ్ళుగా వడ్రంగం చేస్తున్నాడు. ఈసారి సున్నా ఒక్కటే లేదు. దాంట్లోంచి ఆరు గీతలు బయల్దేరి ఆరు కుర్చీల దాకా వెళ్ళాయి. మూడింటి చివర ఏమీ లేదు. మిగతా మూడింటి చివర ఇంటూ గుర్తులు. కాగితం మూల ఒక నూనె మరక.

మరకను అరచేత్తో తుడిచి, చెమట పట్టిన కంటిని అదే చేత్తో తుడుచుకున్నాను.

తర్వాత పది నిమిషాలు నాకు ప్రపంచం లేదు. బుడాన్ బకెట్ తెచ్చి మొహాన నీళ్ళు కొడుతూనే ఉన్నాడు.

"కారం," అన్నాను మూసిన కంటితో. "గీసినవాళ్ళ చేతికి కారం ఉంది."

"భలే దొంగని పట్టావమ్మాయ్. సత్తెనపల్లిలో కారం అంటని చెయ్యి ఎవరిది?"

కాగితం తీసి వాసన చూశాను. కారంతో పాటు ఆవపిండి, నువ్వుల నూనె. వీరాంజనేయులు గారి వాళ్ళు ఉంటున్న పాతింటి పెరట్లో రెండు రోజులుగా మామిడికాయ ముక్కలు కొడుతున్నారు. ఆ ఇంట్లో ఆవకాయ కలిపే చెయ్యి ఒక్కటే.

వీరాంజనేయులు గారు ఊళ్ళో లేడు. మందుల కంపెనీ మీటింగుకని హైదరాబాదు వెళ్ళాడు. తిరుగుదారిలో విజయవాడలో ఆగి, అద్దం బల్లను వ్యాన్ ఎక్కించుకుని వస్తాడు. ఇంకా నాలుగు రోజులు.

రెండు వీధుల అవతల వాళ్ళ పాతిల్లు. వెళ్ళేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. నా ఎర్రటి కన్ను చూసి శివపార్వతి గారు, "ముందు అన్నం తినమ్మా" అంది.

అంతకుముందు అయిదుసార్లు ఆ ఇంటికి వెళ్ళాను గానీ అక్కడ భోంచేయడం అదే మొదలు. వెనక పంచలో గోడ వారగా వరసగా పీటలు. యలమందయ్య గారు, శ్రీరమ్య, తేజశ్రీ, చివర నేను. మా వీపులు గోడకి, మొహాలు పెరటి వైపు. ఎదురుగా శివపార్వతి గారు, కొంగు నడుముకు దోపి, ఒక చేతిలో గిన్నె, ఒక చేతిలో గరిటె.

ఎవరూ ఏదీ అడగలేదు. అడగకుండానే అన్నీ వచ్చాయి. యలమందయ్య గారికి ఎడమవైపు పళ్ళు లేవు, గట్టి ముక్క తగిలితే కుడికన్ను చికిలిస్తారు. ఆ కన్ను సగం మూతపడేలోపే ఆయన కంచంలో పప్పు పడింది. తేజశ్రీ వంకాయ ముక్కను అన్నం కింద దాస్తుంటే "చూశాలే" అన్న మాట వచ్చింది. నాకు చారు చాలా నచ్చింది, మొహమాటపడి ఊరుకున్నాను. రెండో గరిటె చారు నా కంచంలోకి దానంతటదే వచ్చింది.

నాకు మా ఇల్లు గుర్తొచ్చింది. నాన్న ఇమ్మానియేలు గారు మాస్టరు, ప్రార్థన చేయకుండా ముద్ద ఎత్తనిచ్చేవారు కాదు. అందరం కళ్ళు మూసుకునేవాళ్ళం. నేనొకసారి దొంగచాటుగా తెరిచి చూస్తే, అమ్మ గరిటెతో నిలబడి, ఒక కన్ను తెరుచుకుని మా కంచాలు చూస్తోంది. ఆమేన్ అనేలోపు ఎవరికి ఏం తక్కువైందో ఆమెకు తెలిసిపోయేది. అమ్మ ఎప్పుడు తిన్నదో, ఏం తిన్నదో నాకు ఇప్పటికీ తెలీదు. అప్పుడు తగిలింది నాకు, ఆరు అని రాసుకున్న లెక్క.

భోజనాలయ్యాక ప్లాను ఆమె ముందు పరిచాను.

"ఇది మీరు గీసిందే గదండీ? నాదే తప్పు. ఏడో కుర్చీ వేయిస్తాను. మీది."

ఆమె నవ్వింది. "నాకు కుర్చీ ఎందుకమ్మా? అది కుర్చీ కాదు. నేను నిలబడేచోటు."

"మరి గీతలు?"

"నా చూపు." తడిచేతి వేలితో ఒక్కొక్క గీతా చూపించింది. "ఈ ముగ్గురి మొహాలు కనపడతాయి. ఈ ముగ్గురివి వీపులు. వీపుని చూసి ఎవరికి ఏం కావాలో ఎట్టా చెప్పేది? గుమ్మానికి ఇటు నిలబడి చూశా, అటు నిలబడి చూశా. ఎటు నిలబడ్డా ముగ్గురు పోతున్నారు. మా అత్తగారు ఇట్టాగే వడ్డించేది. పదిహేడేళ్ళుగా నేనూ ఇట్టాగే. రేపట్నించి వాళ్ళు అరిచి అడగాలి, నేను పరిగెత్తాలి. అంతకంటే హోటలుకి పోయి తినొచ్చు."

"నాతో చెప్పొచ్చు గదండీ."

"ఆయన అంత ఇష్టపడి తెచ్చుకుంటుంటే అడ్డం పడ్డట్టు ఉంటుంది. నువ్వే కనిపెట్టి మారుస్తావనుకున్నా. నువ్వేమో చెరిపేస్తివి."

డిప్లొమాలో నాకు బల్ల ఎత్తు నేర్పారు, కుర్చీకీ గోడకీ ఎంత ఎడం ఉండాలో నేర్పారు. వడ్డించే మనిషి ఎటు చూస్తుందో ఒక్కరూ నేర్పలేదు. ఈ దేశంలో ఎన్ని లక్షల గుండ్రటి బల్లల వెనక ఎంతమంది వీపులు చూస్తూ నిలబడ్డారో.

ప్లాను తిరగేసి, వెనక వైపు గీశాను. కిటికీ గోడ వెంబడి తొమ్మిదడుగుల బెంచీ, వీపుకి మెత్తతో. దాని ముందు సన్నటి పొడుగు బల్ల. అందరూ ఒకే వరస, పంచలోలాగే. ఇవతల వంటింటి వైపు ఒకే ఒక్క కుర్చీ. దాని పక్కన, కూర్చున్న చెయ్యికి అందే ఎత్తులో గిన్నెలకు అర.

"ఇక్కడి నుంచి ఆరు మొహాలూ మీవే," అన్నాను. "కానీ కూర్చుని వడ్డించాలి. వడ్డిస్తూ తినాలి."

ఆమె ఆ ఒక్క కుర్చీ మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

"ఆయన ఒప్పుకోడు," అంది చివరికి. "నీ రెండిళ్ళూ పోతాయి."

అప్పుడు అరుగు మీద నడుం వాల్చిన యలమందయ్య గారి గొంతు వినపడింది. అంతసేపూ ఆయన నిద్రపోలేదన్నమాట. "ఈ ఇంటికి పెద్దోణ్ణి నేనింకా ఉన్నాగా. వాడొచ్చేలోపు కానీయండి."

నాలుగు రోజులు. కొత్తింటి వరండా కోసం తెప్పించిన టేకు పలకలు బుడాన్ లోపలికి మోయించాడు. రంపం, చిత్రిక, పాలిష్. మధ్యలో ఒకసారి చేయి ఆపి అడిగాడు. "అమ్మాయ్, అయ్యగారు వచ్చి దీన్ని కోసెయ్యమంటే ఏ రంపంతో కొయ్యాలి? ఇదే పదునెట్టి ఉంచనా?"

"ఉంచు తాతా," అన్నాను. ఆ రెండిళ్ళు నాకు ఒక ఏడాది బతుకు.

నాలుగో రోజు పన్నెండింటికి వ్యాన్ ఆగింది. గడ్డి చుట్టిన అద్దం బల్ల, ఆరు కుర్చీలు. వీరాంజనేయులు గారు పై కండువాతో మొహం తుడుచుకుంటూ గదిలోకి వచ్చాడు. ఆగిపోయాడు.

"ఏందమ్మా ఇది?"

"డైనింగ్ రూమండీ."

"బస్టాండా? ఈ బెంచీ ఏంది? నేనిచ్చిన బొమ్మ ఏమైంది?" గొంతు లేవలేదు. దానికే ఎక్కువ భయమేసింది. "గుంటూరు వాళ్ళకి ఇచ్చినా పోయేది."

"ఒక్కపూట దీని మీద భోంచేయండి. నచ్చకపోతే ఈ సాయంత్రమే పీకించేసి, మీ బల్ల వేయించి వెళ్ళిపోతాను. మళ్ళీ మీ గుమ్మం ఎక్కను."

పాలు పొంగకుండా పొయ్యి వెలిగించకూడదు గానీ, క్యారియర్లో వచ్చిన అన్నానికి శాస్త్రం అడ్డు రాదని యలమందయ్య గారే తేల్చారు. తేల్చి, ముందు ఆయనే బెంచీ మధ్యలో కూర్చున్నారు. పిల్లలు చెరో పక్క చేరారు. వేరే దారి లేక వీరాంజనేయులు గారు కూర్చున్నాడు.

శివపార్వతి గారు గరిటె పట్టుకుని కుర్చీ వెనక నిలబడింది.

"కూర్చోమ్మా," అన్నారు యలమందయ్య గారు. "నువ్వు నిలబడి ఉంటే తల ఎత్తి చూళ్ళేక నా మెడ పట్టేస్తోంది."

ఆమె కుర్చీ అంచున కూర్చుంది. కూర్చునే నెయ్యి వేసింది, పప్పు వేసింది. మామగారు కుడికన్ను చికిలించకముందే ముక్క తీసి మెత్తటిది పెట్టింది. తర్వాత, ఎవరో తరుముతున్నట్టు, తన కంచంలో రెండు ముద్దలు కలుపుకుంది.

నేను గుమ్మం దగ్గర, సరిగ్గా ఆ సున్నా ఉన్నచోట నిలబడి ఉన్నాను.

వీరాంజనేయులు గారి చెయ్యి కంచంలో ఆగింది. ఆయన భార్య వైపే చూస్తున్నాడు.

"నువ్వు వంకాయ వేసుకోలేదే?"

"నేను తిననుగా."

"తినవా? ఎప్పట్నించి?"

"చిన్నప్పట్నించి."

"మరి వారానికి నాలుగు రోజులు వండుతావే."

"మీరు తింటారుగా."

"అమ్మ కూడా తినదంట," అంది తేజశ్రీ అక్కతో, గొప్ప రహస్యం దొరికినట్టు. అన్నం కింద దాచిన ముక్కని బయటికి తీసి, ధైర్యంగా కంచం అంచున పెట్టింది.

వీరాంజనేయులు గారు ఇంకో ముద్ద ఎత్తలేదు. పదిహేడేళ్ళలో తన భార్య తింటుంటే చూడటం అదే మొదలని ఆయనకు అప్పుడే తట్టినట్టుంది. ఆమె ఆవకాయ వేసుకుని మజ్జిగ కోసం చూసింది. గిన్నె బల్లకు అటు చివర ఉంది. లేవబోయింది.

"కూర్చో," అన్నాడాయన. చెయ్యి చాపి, గిన్నె జరిపి, తనే ఆమె కంచంలో మజ్జిగ పోశాడు. సగం బల్ల మీద ఒలికింది. వడ్డించడం ఆయనకు బొత్తిగా రాదు.

వెనక నుంచి బుడాన్ గుసగుసగా అడిగాడు. "అమ్మాయ్, రంపం లోపల పెట్టెయ్యనా?"

ఆ అద్దం బల్ల ఇప్పటికీ సత్తెనపల్లిలో వాళ్ళ కొట్టు ముందు భాగంలో ఉంది. దాని మీద పత్తి మందుల డబ్బాలు పేర్చి ఉంటాయి. రైతులు దాని చుట్టూ కూర్చుని టీ తాగుతారు. తమ్ముళ్ళ ఇళ్ళల్లో ఒకటి నాకొచ్చింది, రెండోది గుంటూరు వాళ్ళకే పోయింది. ఏడేళ్ళయింది. మొన్న ఆ దారిన వెళ్తూ ఆగాను. యలమందయ్య గారు లేరు. బెంచీ మీద ఆయన కూర్చున్నచోట మెత్త గుంటపడి ఉంది, మార్పించలేదు. ఇవతలి కుర్చీ చేతుల మీద పాలిష్ పూర్తిగా పోయింది. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, ఆమె ఎదురుగా కూర్చుని, నా మొహం ఒకసారి చూసి, అడగకుండానే చారు గిన్నె అందుకుంది.