రెండో తాళం సత్తిపండు దగ్గర

మా వీధి తలుపుకి గడియ ఉండాల్సిన చోట ఇవ్వాళ మా బామ్మర్ది సత్తిపండు నోరుంది.

మీసంతో సహా ఉంది. కింద పెదవికి కిళ్ళీ మరక కూడా ఉంది. నేను బజారు నుంచి కరివేపాకు పట్టుకొస్తున్నాను. ఇంట్లోకి పోవాలి కాబట్టి, "సత్తీ, తియ్యరా" అంటాను.

"నెంబరు చెప్పు బావా" అంటుంది నోరు.

"నేనేరా, గవర్రాజుని."

"గొంతు నీదే, కాదన్లేదు. గొంతులదేముంది, ఈ రోజుల్లో ఎవడైనా తెస్తున్నాడు. ఆరంకెల నెంబరు చెప్పు."

వాడన్నదాంట్లో తప్పేం లేదు. ఈ రెండో తాళం పెట్టించింది నేనే. మొదటి తాళం పాస్‌వర్డు, అది నాకు నోటికొచ్చు. రెండోది అప్పటికప్పుడు ఫోన్లో పుట్టే నెంబరు. పుట్టిన కాసేపటికే అది చచ్చిపోతుంది, ఇంకోటి పుడుతుంది. లోపల మా అమ్మ ఉంది, అందుకే ఇంత కట్టుదిట్టం.

అమ్మంటే మనిషి కాదు లెండి. మనిషి పోయి చాన్నాళ్ళైంది. బతికున్నప్పుడు ఫోన్లో నాకు పంపిన మాటలున్నాయి, అవన్నీ కలిసి మా వంటింట్లో ఉంటున్నాయి. పోపులడబ్బా పక్కన కూర్చుంటాయి. పొద్దున్నే "ఒరేయ్ గవర్రాజూ, తిన్నావా?" అంటాయి. తిన్నానమ్మా అంటాను. "ఏం తిన్నావు?" అంటాయి. తిన్నావా అని ఊళ్ళో అందరూ అడుగుతారు. ఆ రెండో ప్రశ్న నన్నింకెవరూ అడగరు.

నెంబరు కోసం జేబులో చెయ్యి పెడతాను. ఫోను చేపై ఉంది. అరచెయ్యంత చందువ చేప. చొక్కా అంతా తడి. దాని వీపు మీద అంకెలు మెరుస్తున్నాయి. "నాలుగు, ఏడు, ఒకటి..." అని మొదలెడతాను. చేప ఒళ్ళు విదిల్చి వేరే అంకెలు వేసుకుంటుంది.

"ఏంటి బావా, చచ్చిపోయిన నెంబరు చెప్తున్నావు? పిండం పెడతావా దానికి?"

చేప నా చేతిలోంచి జారి సైడు కాలవలో పడి, వెనక్కైనా చూడకుండా పెద్ద కాలవ వైపు ఈదుకుంటూ పోతుంది. నేనేం కంగారు పడను. ఫోను పోతే వాడుకోమని తాళం బిగించినోళ్ళు పది నెంబర్లు ముందే ఇచ్చారు నాకు. ఒక్కోటీ ఒక్కసారే పనిచేస్తుంది. కాయితం మీద రాసి బీరువాలో దాచుకోండి, ఎవరికీ ఇవ్వకండి అని కూడా చెప్పారు.

నేను రాయలేదు. మా ఇళ్ళల్లో రెండో తాళంచెవి ఎప్పుడూ ఇల్లాలి పుట్టింటి మనిషి దగ్గరే ఉంటుంది. మా నాన్న ఇంటి తాళం మా మేనమామ మొలతాడుకి వేలాడేది. ఆయన చెరువులో మునిగినా తాళంతోనే మునిగేవాడు, తాళంతోనే తేలేవాడు. కాయితానికేం తెలుసండీ బంధుత్వం? తడిస్తే పోతుంది, చెద పడితే పోతుంది. సత్తిపండు తడిసినా పోడు కదా. అందుకని పదీ వాడికే ఇచ్చాను. పది వేళ్ళకీ ఉంగరాల్లా పెట్టుకున్నాడు. ఆ రోజు నా కాళ్ళకి దణ్ణం కూడా పెట్టాడు.

"సత్తీ, నీ ఉంగరాల్లోంచి ఒకటి చదవరా."

నోరు ఏదో చప్పరిస్తోంది.

"ఉంగరాల్లేవు బావా. వాడేశాను."

"పదీనా? దేనికిరా?"

"లోపలికి రావడానికి."

"నువ్వు తలుపువి కదరా. తలుపు లోపలికెందుకు?"

"ఎల్లకాలం ఎండలో వానలో నిలబడాలని తలుపుకి మాత్రం ఉంటుందా బావా? నువ్వే చెప్పు."

కిటికీ దగ్గరకి వెళ్తాను. నన్ను చూసి ఇల్లు గోడల్ని కొంచెం పైకి ఎత్తుకుంటుంది, బురదలో నడిచేటప్పుడు ఆడవాళ్ళు కుచ్చిళ్ళు ఎత్తుకున్నట్టు. మునివేళ్ళ మీద నిలబడి లోపలికి చూస్తాను.

నా పీట మీద సత్తిపండు కూర్చుని ఉన్నాడు. నా గళ్ళ లుంగీ కట్టుకున్నాడు. మూతి ఉండాల్సిన చోట నున్నగా ఉంది. అక్కడ వాడు ముద్ద కలిపి ముఖం దాకా తెస్తుంటే, ఇక్కడ తలుపు నములుతోంది.

మా ఆవిడ మంగ వాడికి నెయ్యి వేస్తోంది.

"మంగా! వాడు నీ తమ్ముడే!"

"తెలుసండీ. చిన్నప్పుడు నేనే ఎత్తుకు తిప్పాను."

"మరి నా పీట మీద కూర్చోబెట్టావేంటి?"

"నెంబరు చెప్పాడండీ. చెప్పినోళ్ళకి వడ్డిస్తున్నాను. మీరూ చెప్పండి, మీకూ పీట వేస్తాను."

"నువ్వు నా పెళ్ళానివి కదే!"

"అది మొదటి తాళమండీ" అంటుంది మంగ. కోపంగా ఏం అనదు. ఇంకో గరిటె నెయ్యి వేస్తుంది.

అప్పుడు పోపులడబ్బా దగ్గర్నుంచి అమ్మ మాట వినిపిస్తుంది. "ఒరేయ్ గవర్రాజూ, తిన్నావా?"

నేను నోరు తెరిచేలోపే తలుపు నా గొంతుతో అంటుంది. "తిన్నానమ్మా."

"ఏం తిన్నావు?"

"గుత్తొంకాయ. నీ చేతి రుచి రాలేదనుకో."

అమ్మ నవ్వుతుంది. అట్టా నవ్వించాలని ఇన్నాళ్ళూ నాకెందుకు తోచలేదో తెలీదు. నా చేతుల్లో కిటికీ ఊచలు వేడెక్కుతున్నాయి.

"అమ్మా! నేను బయటున్నాను!"

"ఎవరో గుమ్మంలో అరుస్తున్నార్రా, చూడు."

"మనోడు కాదులే అమ్మా" అంటుంది తలుపు.

"అమ్మా, నేనేనే! చిన్నప్పుడు నా చెవిలో చీమ దూరితే ఉప్పునీళ్ళు పోసి తీశావు. తీసిన చీమని చూపిస్తే గానీ నేను ఏడుపు ఆపలేదు. గుర్తులేదా?"

వంటింట్లో చప్పుడు ఆగిపోతుంది. మంగ గరిటె గాల్లో అట్టానే ఉంది. అమ్మ ఆలోచిస్తోంది. ఆవిడ ఆలోచిస్తే పోపులో ఆవాలు చిటపటలాడకుండా ఆగుతాయి.

"గుర్తుంది నాయనా. ఆ పిల్లాడివి నువ్వేనేమో కూడా. నెంబరు చెప్పు."

"నీకూ నెంబరేనా అమ్మా?"

"నన్నెవరైనా ఎత్తుకుపోతారని నువ్వే కదా ఈ తాళం పెట్టించావు! నువ్వు పెట్టిన కట్టుబాటు నేనే తప్పితే ఎట్టా?"

ఆవాలు మళ్ళీ చిటపటలాడతాయి.

"బావా, కరివేపాకు ఇచ్చి వెళ్ళు. మజ్జిగలోకి" అంటుంది తలుపు. ఇస్తాను. చేతిలో ఉంది, ఇవ్వకపోతే బాగోదు. అది రసమంతా పీల్చుకుని, ఆకుల్ని ఏరి నా కాళ్ళ దగ్గర ఊస్తుంది.

నేను వీధి మధ్యకి వచ్చి "అమ్మా!" అని గట్టిగా అరుస్తాను.

వీధిలో ప్రతి తలుపూ తెరుచుకుంటుంది. ప్రతి గుమ్మంలోంచీ ఒక తల్లి, చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వస్తుంది. అందరూ నాకు తెలిసినోళ్ళలాగే ఉన్నారు. ఒక్కరూ మా అమ్మ కాదు. మొదటావిడ నా కుడి బొటనవేలు పట్టుకుని, ఫోను తెరవడానికి నొక్కినట్టు, తన నుదుటికి ఆనించుకుంటుంది. కళ్ళు మూసుకుని చూస్తుంది. ఏమీ తెరుచుకోదు. "పాపం, ఇంకో ఇల్లు చూడు నాయనా" అని నన్ను పక్కావిడకి అప్పగిస్తుంది. ఆవిడా అట్టాగే ఆనించుకుంటుంది. ఆవిడా "పాపం" అంటుంది. ప్రేమగానే అంటున్నారు అందరూ.

ఆ తల్లుల వరస వీధి దాటుతుంది. కాలవ గట్టు దాటుతుంది. చివరివాళ్ళు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. ఆనించిన ప్రతి నుదుటి మీదా నా వేలిగీత ఒకటి ఉండిపోతోంది. అందరి దగ్గరకీ వెళ్ళొచ్చేసరికి నా బొటనవేలు కోడిగుడ్డులా నున్నగా అయిపోయింది. ఒక్క గీత లేదు.

ఆ నున్నటి వేలి లోపల్నుంచి, గాజుల చేత్తో, ఎవరో మెల్లగా తడుతున్నారు.

చెవి దగ్గర పెట్టుకుంటాను. "నేన్రా" అంటోంది లోపలున్నావిడ. గొంతు మా అమ్మదే. చీమ మాట కూడా చెబుతోంది. అన్నీ సరిగ్గానే చెబుతోంది, ఒక్క నెంబరు తప్ప.

నేను పిడికిలి మూసేస్తాను. బిగించి పట్టుకుని, చేప పోయిన కాలవలోకి దిగుతాను. ఆడవాళ్ళు పక్కకి జరిగి దారిస్తున్నారు. వాళ్ళ నుదుళ్ళ మీద నా వేలిగీతలు గానుగల్లా తిరుగుతున్నాయి. ఆ తిరుగుడికి కాలవ నీళ్ళు మెల్లగా నల్లటి నూనె అవుతున్నాయి.