రెండో క్లారినెట్ కుర్చీ

క్లారినెట్ మూతి దగ్గర రీడ్ అని ఒక పలుచని పుల్ల ఉంటుంది. ఊదే ముందు దాన్ని కాసేపు నోట్లో పెట్టుకుని నానబెట్టాలి, లేకపోతే కీచుమంటుంది. దానికోసం తీరిగ్గా కూర్చునే యోగం నాకెక్కడిది? అందుకని పొద్దున్నే సాధనకి ముందు, కూరగాయలు తరుగుతూ నానబెట్టుకుంటాను. ఆ రోజూ అంతే. సాయంత్రం మా కచేరీ. మా ఆయన వంటింట్లోకి వచ్చి, ఫ్రిజ్ తలుపు తెరిచి, నాతో కాకుండా దాంతోనే చెబుతున్నట్టు, "ఇవాళ నువ్వు రికార్డింగ్ దగ్గర కూర్చో. నువ్వేమీ అనుకోవని డెంటిస్టు గారికి చెప్పేశాను," అన్నాడు.

నోట్లో రీడ్ ఉంది. పన్ను తగిలితే చిట్లిపోతుంది. చెయ్యి తుడుచుకుని, దాన్ని తీసి, నోరు తెరిచేలోపు ఆయన మంచినీళ్ళ సీసా పట్టుకుని వెళ్ళిపోయాడు. మౌనం అర్ధాంగీకారం అంటారు. మా ఇంట్లో అది ఎప్పుడో పూర్ణాంగీకారమై కూర్చుంది. "ఆ పుల్ల దాని నోట్లో ఉన్నంతసేపూ ఇల్లెంత ప్రశాంతంగా ఉంటుందో" అని మా అత్తగారు ఒకసారి నవ్వితే ఆయనా నవ్వాడు. నా ఖర్మ కాకపోతే, వాళ్ళతోపాటు నేను కూడా నవ్వాను.

మాది ఎనిమిదిమంది బృందం. ఒబోలు, క్లారినెట్లు, బసూన్లు, హార్న్‌లు, అన్నీ ఊదే వాద్యాలే, రెండేసి. ఎప్పుడో రాజుల తోటల్లో విందుల వేళ ఊదడానికి రాసిన పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం మాది. ఒక్కరికీ ఇది బతుకుతెరువు కాదు, వారమంతా ఉద్యోగాలు చేసి శనివారం సాయంత్రాలు ఊదుకుంటాం. మొదటి ఒబో డెంటిస్టు గారిది, ఆయనే మాకు పెద్ద. మొదటి హార్న్ మా ఆయనది. రెండో క్లారినెట్ నాది. కచేరీలు మేమే రికార్డు చేసుకుంటాం. మేమే అంటే నేనే. చెవి డాక్టరు దగ్గర వినికిడి పరీక్షలు చేసే ఉద్యోగం నాది కదా, హెడ్‌ఫోన్స్ పెట్టుకోవడం నీకు అలవాటేగా అని నా నెత్తిన పెట్టారు. అక్కడ పరీక్షంతా నేనే చేసి చెబితే, వచ్చినవాళ్ళు "డాక్టరుగారు ఎప్పుడొస్తారమ్మా" అంటారు. ఇక్కడ రికార్డింగంతా నేనే చేస్తే, "మా ఆవిడ మీట నొక్కి కూర్చుంటుంది" అంటాడు మా ఆయన.

సాధనకి నేను కావాలి. కుర్చీలు సర్దడానికి, ఫ్లాస్కుల్లో టీ మోయడానికి కావాలి. తీరా కచేరీ రోజున నా కుర్చీ ఖాళీ. రెండో క్లారినెట్ లేకపోయినా ఎవరికీ తెలియదులే అన్నారు డెంటిస్టు గారు మొదట్లోనే. ఊళ్ళో అందరి నోళ్ళూ తెరిపించే వృత్తి ఆయనది, నా నోరు మాత్రం ఆ ఒక్క మాటతో మూయించారు. కానీ ఈసారి వేరు. ఈసారి ఎంచుకున్న రచనలో, మధ్యనుండే నెమ్మదైన భాగంలో, పాటంతా రెండో క్లారినెట్‌దే. మిగతా ఏడుగురూ మెల్లగా కింద పరిచి ఉంచితే దాని మీద నేను ఒక్కదాన్నే నడవాలి. దాన్ని నేను స్నానాల గదిలో తలుపేసుకుని నేర్చుకున్నాను. అన్నం పొంగుతుంటే నేర్చుకున్నాను. ఈసారి నేనే వాయిస్తానని ముందే చెప్పాను, అందరూ సరేనన్నారు. ఆ పాట మొదటి క్లారినెట్‌కి ఇప్పించేసి నేనేమీ అనుకోనట! ఒళ్ళు మండిపోయింది. బీన్స్ ఎంత సన్నగా తరిగానో మా అత్తగారు వచ్చి "పచ్చడికా?" అని అడిగారు.

అసలు నేనక్కడ కూర్చుని ఏం చేస్తానో వాళ్ళెవరికీ తెలియదు. మొదట్లో ధ్వని మట్టం సరిచూసి నొక్కితే యంత్రం దానంతటదే నడుస్తుంది. నేను కూర్చునేది మా ఆయన కోసం. హార్న్ నోరు వెనక్కి తిరిగి ఉంటుంది, ధ్వని గోడకి కొట్టుకుని వస్తుంది. ఈయనకి హుషారెక్కితే లారీ వచ్చినట్టే. అందుకే ఆయన హార్న్‌కి విడిగా ఒక మైకు పెట్టి, ఆయన రెచ్చిపోయినప్పుడల్లా దాని మీట తిప్పి తగ్గిస్తాను. హార్న్ భలే ఒదిగిపోయింది సుమా అని విన్నవాళ్ళంతా ఆయన్ని మెచ్చుకుంటారు. ఆయన కాలర్ సర్దుకుంటాడు. ఒకసారి నాకు జ్వరమొచ్చి, యంత్రం దానిపాటికి అది నడిచింది. అందులో హార్న్ తప్ప ఇంకేమీ వినపడలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, మైకు పాడైందని ఆయన కొత్త మైకు కొనుక్కొచ్చాడు. చెబుదామని నోటిదాకా వచ్చింది. చిన్నబుచ్చుకుంటాడేమోనని మింగేశాను.

సాయంత్రం గ్రంథాలయం మేడమీది హాలు. మైకులు నిలబెట్టాను, వైర్లు కాళ్ళకి తగలకుండా పట్టీలు అంటించాను, పక్క గదిలో మట్టం చూసుకుని యంత్రం నొక్కాను. ఆ హెడ్‌ఫోన్స్ బల్ల మీద ఉన్నాయి. వాటిని చూస్తే ఏడుపొచ్చింది, తర్వాత విసుగొచ్చింది, తర్వాత ఏమీ రాలేదు. క్లారినెట్ తీసుకుని వేదిక ఎక్కి నా కుర్చీలో కూర్చున్నాను.

డెంటిస్టు గారు కళ్ళజోడు పైనుంచి చూశారు. నా భాగం నేనే వాయిస్తానని చెప్పాను. ఆయన ఏదో అనబోయేలోపు మొదటి క్లారినెట్ పోస్టుమాస్టరు గారు "అమ్మయ్య, బతికించావమ్మా, అది నాకింకా పట్టుబడలేదు," అంటూ ఆ పాట రాసి ఉన్న కాగితం నా ముందుకి జరిపేశారు. జనం కూర్చున్నారు. ఇక కాదనడానికి డెంటిస్టు గారికి వ్యవధి లేదు, ఒబో ఎత్తారు.

వెనక వరసలోంచి మా ఆయన వంగి, పళ్ళ సందునుంచి గుసగుసలాడాడు. "నువ్విక్కడుంటే అక్కడ ఎవరున్నారు?"

"ఎవరూ లేరు."

"మరి రికార్డింగ్?"

"అది బాగానే నడుస్తోంది. ఇన్నేళ్ళూ మీ హార్న్ ఎక్కువైనప్పుడల్లా లోపల కూర్చుని తగ్గించింది నేనండీ. ఇవాళ మీరెంత ఊదితే అంతా పడుతుంది."