స్తంభం మీది దీపం

మార్చిలో మంచువాన కురిసి మా వైపు స్తంభాలు వందల్లో విరిగాయి. కరెంటు పోయి అప్పటికి మూడో రోజు. మా అమ్మాయి బ్రిట్టా కరెంటు సంఘంలో లైను పని చేస్తుంది. సంఘమంటే పరాయిది కాదు, మీటరున్న ప్రతి ఇంటివాళ్ళూ అందులో సభ్యులే, అది మా అందరి సొంతం. ఆ మూడు రోజులూ అది తెల్లవారుతూనే పనికి వెళ్ళడం, నేను వంటింటి కిటికీ దగ్గర నిలబడటం. స్తంభం విరిగి దాని మీద పడినట్టు, తెగిన తీగ మెడకు చుట్టుకున్నట్టు, ట్రక్కు గుంటలోకి జారినట్టు ఒకదాని వెనక ఒకటి కళ్ళకు కట్టేది. సాయంత్రం కాగానే మా ఆయన లోవెల్, ఇవాళ ఎన్నిసార్లు చచ్చింది మన పిల్ల అని అడిగేవాడు. నవ్వుకే అంటాడని తెలుసు. నాకు నవ్వు రాదు.

నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. అయినా బ్రిట్టా లైను పరీక్షలకు చదివేటప్పుడు పుస్తకం నా చేతిలో పెట్టి ప్రశ్నలు అడగమనేది. ఆ పుస్తకంలో సగం నాకు అర్థం కాలేదు. భయపడాల్సిన సగం మాత్రం బాగా అర్థమైంది. ఇంట్లో పెట్టుకున్న జనరేటరు కరెంటు దారి తప్పి బయటి తీగల్లోకి పోతే, స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మరు దాన్ని వేల వోల్టులుగా పెంచుతుందట. ఆ లైనులో కరెంటు లేదనుకుని ముట్టుకున్న మనిషి ఇక లేవడట. ఆ పేజీ నాకు బొమ్మతో సహా గుర్తు.

ఆ రోజు బ్రిట్టా వాళ్ళ జట్టుకు మా రోడ్డులోనే పని పడింది, ఓర్విల్ ఇంటికి మైలు అవతల. ఓర్విల్ మా పక్క పొలం ఆయన. ఎనభై రెండేళ్ళు, ఒక్కడే ఉంటాడు. సంఘం పుట్టినప్పుడు పారతో గుంతలు తవ్వి మొదటి స్తంభాలు పాతినవాళ్ళలో ఆయన తండ్రి ఒకడు. ఈయన కూడా ఇరవై ఒక్క ఏళ్ళు సంఘం బోర్డులో ఉన్నాడు. ఏటా స్కూలు జిమ్‌లో జరిగే సభ్యుల సమావేశంలో, కోడివేపుడు వడ్డించే ముందు, జనరేటరుతో జాగ్రత్తగా ఉండమని అందరికీ చెప్పేది ఆయనే. మధ్యాహ్నం ఆయనకు వేడి సూపు తీసుకుని వెళ్ళాను.

ఇల్లంతా చీకటిగా ఉంది. చప్పుడు వెనక షెడ్డు దగ్గర నుంచి వస్తోంది. పొగ లోపలికి రాకుండా జనరేటరును తలుపు బయటే పెట్టాడు, అది చూసి ప్రాణం కుదుటపడింది. లోపల ఓర్విల్ పక్కనే, పొద్దున పుట్టిన దూడలు రెండు వెచ్చని ఎర్ర దీపాల కింద గడ్డిలో పడుకుని ఉన్నాయి. అప్పుడు చూశాను. జనరేటరు నుంచి వచ్చిన లావాటి తీగ గోడకున్న వెల్డింగు మిషను సాకెట్టులో దూరి ఉంది. రెండు కొసలా ప్లగ్గులున్న, ఇంట్లో చేసుకున్న తీగ.

"ఓర్విల్, అది గోడలో పెట్టారేంటి?"

"మెయిన్ స్విచ్చు కట్టేశాలే, బయటి లైనుకు పోదు. కట్టేయని వాళ్ళకి కదా నేను ఏటా చెప్పేది."

బ్రిట్టా మైలు దూరంలో పనిలో ఉందని చెప్పాను. కావాలంటే ఇంట్లోకి వెళ్ళి ఏ స్విచ్చయినా నొక్కి చూసుకోమన్నాడు, ఒక్క దీపం వెలిగినా తనను నిలదీయమన్నాడు.

"నీ భయం కంటే ఆ మంచువానే నయం మార్లిస్. అదైనా ఒక్క రోజులో ఆగింది."

సిగ్గేసింది. ఊళ్ళో నా భయాల మీద చాలా కథలే ఉన్నాయి. మాడిన రొట్టె పొగకు ఫైరింజన్ని పిలిపించినదాన్ని నేనే. ఇక వెళ్తానని తలుపు దాకా వచ్చాను.

పెరట్లో, ఇంటికీ షెడ్డుకీ మధ్య ఒక స్తంభం ఉంది. రోడ్డు మీది లైను మొదట దాని దగ్గరికే వస్తుంది. అక్కణ్ణుంచి ఇంటికొక తీగ, షెడ్డుకొక తీగ విడివిడిగా వెళ్తాయి. దాని పైన సంఘం వాళ్ళు పెట్టిన దీపం, చీకటి పడితే తనంతట తనే వెలిగేది, మూడు రోజులుగా వెలగలేదు. ఆ మబ్బు మధ్యాహ్నం అది నారింజ రంగులో వెలుగుతోంది. మా లైనులో కరెంటు లేదు. మరి ఆ స్తంభానికి ఎక్కడి నుంచి వచ్చింది?

ఆయన్ను పిలిచి వేలు పెట్టి చూపించాను.

ఓర్విల్ ఆ దీపాన్ని చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి షెడ్డు గోడ మీది మెయిన్ పెట్టెను చూశాడు. దాని పిడి పైకే ఉంది, అంటే కట్టేయలేదు. నలభై ఏళ్ళుగా ఆయన జనరేటరును ఇంటికే పెట్టుకున్నాడు, ఇంటి మెయినే కట్టేస్తూ వచ్చాడు. ఈసారి దూడల కోసం షెడ్డుకు పెట్టి, అలవాటుకొద్దీ వెళ్ళి ఇంటి మెయిన్ కట్టేసి వచ్చాడు. షెడ్డుకు వేరే మెయిన్ ఉందన్నది తట్టనే లేదు.

టోపీ అయినా పెట్టుకోకుండా బయటికి నడిచి ఇంజను ఆపేశాడు. స్తంభం మీది దీపం ఆరిపోయింది.

ఎంతసేపటి నుంచి నడుస్తోందని అడిగాను. అరగంట అన్నాడు. ఫోను టవరు కూడా పనిచేయడం లేదు. ఆయన పాత బొంత ఒకటి దూడల మీద కప్పాడు, ఇద్దరం నా పికప్‌లో ఎక్కాం. మంచు గట్టిపడిన రోడ్డు మీద ఆ మైలు ఎలా నడిపానో చెప్పలేను. అరగంటలో ఒక మనిషి ఎన్నిసార్లు తీగ ముట్టుకోవచ్చో, లెక్క మాత్రం తలలో తిరుగుతూనే ఉంది. పక్కన ఓర్విల్ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని ముందుకే చూస్తున్నాడు.

ట్రక్కు కనిపించింది. మనిషిని స్తంభం పైకి ఎత్తే దాని బుట్ట కిందికి దించి ఉంది. పసుపు టోపీలవాళ్ళు తలలు వంచి గుంపుగా నిలబడి ఉన్నారు. ముగ్గురే ఉన్నారు. జట్టులో నలుగురు.

పికప్ ఆపానో లేదో గుర్తు లేదు. ట్రక్కు వెనక నుంచి పొడుగాటి పసుప్పచ్చ కర్ర పట్టుకుని నాలుగో మనిషి వచ్చింది.

"అమ్మా, ఇక్కడికెందుకొచ్చావ్? రోడ్డంతా జారుడుగా ఉంటే."

దగ్గరికి వెళ్ళి కోటు మీదుగానే దాని చేతులు భుజం నుంచి మణికట్టు దాకా తడిమి చూశాను. జట్టంతా చూస్తున్నా కదలకుండా నిలబడింది.

వాళ్ళు ఏ తీగనూ ముందే ముట్టుకోరట. ఆ కర్రతో పరీక్ష చేస్తే, లైనులో కరెంటు ఉందని అది కీచుమని అరిచిందట. ఎవరి ఇంటి నుంచి వస్తోందో వెతకడానికి బయల్దేరబోతుంటే, ఉన్నట్టుండి అరుపు ఆగిందట. ఎవరో ఆపారని చెప్తూ బ్రిట్టా మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నేను ఏదో ఒకటి చెప్పి ఆయన్ను కాపాడుదామనే నోరు తెరిచాను.

"పెట్టింది నేను," అన్నాడు ఓర్విల్. "ఆపించింది మీ అమ్మ."

బ్రిట్టాకు తొమ్మిదేళ్ళప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకుని ట్రాక్టరు నేర్పింది ఆయనే. అది చేతి తొడుగుతో ముక్కు తుడుచుకుంది.

"దూడల కోసమా?"

"ఊఁ. రెండు పుట్టాయి."

"అయితే దీపాల తీగ తిన్నగా జనరేటరుకే పెట్టుకోండి, గోడ జోలికి పోకండి. మావాడొకడు వచ్చి పెట్టిస్తాడు. కానీ ఇది నేను సంఘానికి రాసివ్వాలి ఓర్విల్."

"రాయి తల్లీ. పేరు తప్పుల్లేకుండా రాయి."

జట్టులో ఒకడు దూడల దగ్గరికి వెళ్ళాడు. ఓర్విల్ మాత్రం ఇంటికి రానన్నాడు. పికప్‌లో నా పక్కన కూర్చున్నాడు. వాళ్ళు పనిచేసే చోటుకు రెండు వైపులా, దారి తప్పిన కరెంటు వస్తే నేలలోకి పోయేలా, లైనుకు ఎర్తు తీగలు తగిలించారు. బ్రిట్టా బుట్టలోకి ఎక్కింది. అది పైకి లేస్తుంటే చూడటం నా వల్ల కాదు, ఎప్పుడూ కళ్ళు మూసుకుంటాను. ఈసారి మూసుకోనివ్వలేదు ఆయన.

"ఆ బెల్టు తగిలించుకుందా?"

"తగిలించుకుంది."

"ఎర్తు రెండు వైపులా కట్టారా? సరిగ్గా చూశావా?"

"చూశాను. కట్టారు."

కాసేపాగి, గాలి లేస్తున్నట్టుందే అన్నాడు. ఏం కాదు, కూర్చోండి అన్నాను. ఆ మాట ఇన్నాళ్ళూ అందరూ నాకు చెప్పిందే కానీ నేను ఇంకొకరికి చెప్పింది లేదు. అద్దానికి ఆవిరి పడుతుంటే ఆయన వైపు ఆయన, నా వైపు నేను తుడుచుకుంటూ, పిల్ల కిందికి దిగేదాకా అక్కడే కూర్చున్నాం.