కడుపులో ఉన్నవాడి వంతు

గోదావరిఖనిలోని ఆ కార్మికుల కాలనీలో మగవాళ్లకు జరిగే మర్యాద చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. మొదటి షిఫ్టుకు వెళ్లే కొడుకు సంపత్ కోసం సారవ్వ పొద్దున్నే లేచి అన్నం, కూర వండి టిఫిన్ డబ్బా కట్టేది. పైన రెండు ఉడికిన గుడ్లు పెట్టేది. ఆ గుడ్లు ఎక్కడివనుకున్నారు? ఏడో నెల గర్భిణి అయిన కోడలు సంధ్యారాణి కోసం అంగన్‌వాడీ వాళ్లు ఇచ్చి పంపినవి!

"గనిల దిగేటోనికి బలం గావాలె. ఇంట్ల కూసున్నదానికి గుడ్లెందుకు?" ఇదీ సారవ్వ న్యాయం.

అంతటితో ఆగిందా? ఎక్కువ తింటే పిల్ల లావై కాన్పు కష్టమవుతుందని కోడలి కంచంలో అన్నం కూడా సగం చేసింది.

"ఆకలైతుంది అత్తమ్మా, ఇంకింత పెట్టు" అని సంధ్యారాణి అడిగితే, "గింత తిండియావ ఏందే? నేను కనలేదా? పిడికెడు అన్నం తిని సంపత్‌ను కన్న. వాడు గుండులెక్క లేడా?" అనేది.

గుండులెక్క ఉన్నాడట! ఇరవై ఎనిమిదేళ్లకే పుల్లల్లాంటి కాళ్లు, ముందుకు తోసుకొచ్చిన పొట్ట. ఆ గుడ్లు ఎవరివో అతనికి తెలుసు. తెలిసే తినేవాడు. సంధ్య తిన్నదా అని ఒక్క పూటైనా అడిగిన పాపాన పోలేదు. ఛీ, అదీ ఒక మగతనమేనా?

ఒకరోజు ముగ్గురూ దవాఖానకు వెళ్లారు. రెండు నెలలుగా సంధ్యారాణి బరువు పెరగలేదు. కడుపులో బిడ్డ ఎదుగుదల కూడా చాలదని స్కానింగులో తేలింది. డాక్టరు మెహ్రీన్ ముఖం గంటు పెట్టుకుంది. కూర్చున్న కాసేపట్లోనే సీసాడు నీళ్లు తాగి, రెండుసార్లు బయటికి వెళ్లొచ్చిన సంపత్‌ను గమనించి అతనికీ రక్తపరీక్ష చేయించింది. షుగరు రెండు వందల ఎనభై.

"నా కొడుక్కు షుగరా? మా ఇంట్ల ఎవ్వలకు లేదు!" అంది సారవ్వ.

"వీడు పుట్టినప్పుడు ఎంత బరువుండె అవ్వా?" అని అడిగింది మెహ్రీన్.

"కిలోన్నర. దూదిల పెట్టి సాదిన."

"వాడు కడుపుల ఉన్నప్పుడు నువ్వేం తిన్నవ్?"

సారవ్వకు మగవాళ్లు తినగా మిగిలింది తినమని అత్త శాసించిన రోజులు గుర్తొచ్చాయి. "గంజి తాగిన. అడుగంటింది గీక్కొని తిన్న" అంది.

"కడుపుల తిండి చాలకుంటె పిల్ల ఒళ్లు దొరికిన కొంచెం తిండినే కొవ్వు జేసి దాచిపెట్టుడు నేర్చుకుంటది. పుట్టినంక మంచిగ తిన్నా ఆ అలవాటు పోదు. గట్లాంటోళ్లకు చిన్న వయసుల షుగరు వచ్చే భయం ఎక్కువ. నీ కొడుక్కు గిదొక్కటే కారణమని నేననను. తెలిసి తెలిసి మనుమనికి కూడా గదే తెచ్చిపెడ్తవా?"

అప్పుడైనా సిగ్గుపడాలా, సంపత్ నసిగాడు. "మరి గనిల దిగేటోనికి బలం..."

"నీ డ్యూటీ ఎనిమిది గంటలు. అయినంక పైకొస్తవ్. ఆమెకు తొమ్మిది నెలలు సెలవు లేదు. రోజు నువ్వు తిన్నది ఎవని తిండి, ఎరికేనా? నీ బిడ్డది!" అంది మెహ్రీన్ అసహ్యంగా. అతను తల దించుకున్నాడు.

"రెండు నెలలే ఉన్నయ్ మేడం, ఇప్పుడు తింటే సరిపోతదా?" అని సంధ్యారాణి భయంగా అడిగింది. ఆ ఇంట్లో బిడ్డ గురించి ఫికర్ చేసింది ఆమె ఒక్కతే.

"పోయిందంత తిరిగి రాదమ్మా. ఉన్న రెండు నెలలు కూడ పోగొట్టుకోకు. ఇయ్యాల్టి సంది కడుపునిండ తిను."

సారవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని కోడలి చెయ్యి పట్టుకుంది.

"మా అత్త నా కడుపు మాడ్చింది. నేను నీ కడుపు మాడ్చిన. ఇగ చాలు బిడ్డా. ఇంట్ల ముందు నువ్వే తినాలె, వీడు ఆగుతడు. కడుపుతోని ఉన్నదాని తిండి కోస్తె, పుట్టేటి బిడ్డ ఆయుష్షు కోసినట్టే."