సగం గడ్డం

పెద్దతనంలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే మన్నించండి. చేయి కూడా నిదానం. ఈ చిన్న కథకే చాలా రోజులు పట్టింది.

క్షౌరం పని చేసే ఒకాయన ఇల్లది. ముందు గదిలో సెలూన్, వెనక గదుల్లో కాపురం. మధ్యన ఒక్క గోడే. అయినా ఆయనకు ఆ సెలూన్ ఏడు సముద్రాల అవతల ఉన్నట్టుండేది.

పేగుకు ఆపరేషన్ చేసినప్పుడు పొట్ట పక్కన సంచి తగిలించారు. దొడ్డికి పోవలసిందంతా అందులోకే వచ్చేది. ఇప్పుడు మళ్ళీ కోసి, పేగు కలిపి, సంచి తీసేశారు. గండం గడిచిందన్నారు అందరూ. కడుపు మాత్రం చెప్పిన మాట వినడం మానేసింది. కూర్చుంటే లేపేది, పరుగున వెళితే ఊరికే తిప్పి పంపేది. "పని మరిచిన పేగు, మళ్ళీ నేర్చుకోవాలి. తొందరపెట్టకండి" అన్నాడు డాక్టరు.

మంచం మీద పడుకుని ఆయన కత్తెరను గాలిలో ఆడించేవాడు. ఆ చప్పుడుకు ప్రాణం లేచొచ్చేది. గోడ అవతలి కుర్చీ, సబ్బు నురగ వాసన, మెడ వంచి ఊరి కబుర్లన్నీ ఒలకబోసే మనుషులు, అన్నీ గుర్తొచ్చేవి.

"అంత బెంగేమిటండీ, అదేమన్నా మీ పుట్టిల్లా?" అనేది భార్య.

ఆయన గోడవైపు తిరిగి పడుకునేవాడు. పని మధ్యలో వదిలేసి వెనక్కి పరుగెత్తేవాడి చేతికి గొంతు అప్పగించి ఎవరు కూర్చుంటారు? అదీ ఆయన భయం.

ఒక ఉదయం ఉండబట్టలేక షట్టరు ఎత్తాడు. మొదట వచ్చింది చిన్ననాటి నేస్తం, రిటైరైన బస్సు డ్రైవరు.

"ఎదురు సెలూన్‌కి పోలేకపోయావట్రా, ఇంత గడ్డమేమిటి?" అన్నాడు ఆయన.

"ఒక్కసారి పోయాను. వాడు మాట్లాడడురా, గీస్తాడంతే."

కుడి చెంప నున్నగా వచ్చింది. చేయి ఏదీ మరిచిపోలేదు. ఎడమ చెంపకు నురగ పూయగానే కడుపు మెలిపెట్టింది. పరుగెత్తాడు. చేతులు తోముకుని వచ్చేసరికి నురగ ఎండిపోయింది. మళ్ళీ పూశాడు, మళ్ళీ పరుగు. మూడోసారి కూడా అలాగే పరుగెత్తి వచ్చి కత్తి పక్కన పెట్టేశాడు.

"నావల్ల కాదురా. మిగతాది ఎదురు సెలూన్‌లో చేయించుకో."

డ్రైవరు తువ్వాలుతో నురగ తుడుచుకున్నాడు. "స్టాపు రాకుండానే అర్జెంటని ఆపమనేవాడు రోజూ ఒకడుండేవాడు నా బస్సులో. తిట్టుకుంటూనే ఆపేవాణ్ణి. దిగినవాడు ఎక్కిందాకా బండి కదిలేది కాదు. మిగతా సగం రేపు గీద్దువుగాని."

"ఈ ముఖంతో వీధిలో పోతావా?"

"పెళ్ళిచూపులకా పోయేది."

డ్రైవరు అలాగే కుర్చీ దిగి వెళ్ళాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఎవరో నవ్వారు. వాడు ఆ సగం గడ్డాన్నే నిమురుకుంటూ, తల దించకుండా మలుపు తిరిగాడు.

భార్య వెనక నుంచి వచ్చింది. "అలిసిపోయారు. మూసేయనా?"

"కాసేపు ఉండనీ."

గుమ్మం పట్టుకుని మలుపు వైపే చూస్తూ నిలబడ్డాడు. ఇంకా పొద్దు నడినెత్తికి కూడా రాలేదు. రేపు ఎంతో దూరంలో ఉంది.

— అందరూ పెద్దత్త అంటారు. అరవై ఎనిమిదేళ్ళు. ఇప్పుడు చిన్న కూతురింట్లో, మేడ మీది గదిలో ఉంటున్నాను.