ఊటీ చెట్టు, నీళ్ల తొట్టి

ఆ పొద్దునే చేలో మందు కొట్టాలన్న ఆసామి బుల్లయ్య మీద ప్రేమదాసుకి వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. కానీ వీపున మందు పంపు మోసేవాడి కోపం పళ్ల దగ్గరే ఆగిపోతుంది. పళ్లు కొరుక్కుంటూ కూలికి వచ్చాడు.

ప్రత్తిపాడులో పేట చివరి ఇల్లు ప్రేమదాసుది. బుల్లయ్య మిరపచేను ఆ ఇంటి కంచెని ఆనుకునే ఉంటుంది. కంచెకి ఇవతల, సగానికి కోసిన నూనె డ్రమ్ములో ఒక పీచ్ చెట్టు ఉంది. నడుమెత్తు దాటని పొట్టి రకం. మూడేళ్ల కిందట లారీ మీద క్లీనరుగా ఊటీ పోయినప్పుడు ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాడు.

"మన ఎండకి కాకులే సొమ్మసిల్లి పడతంటే చలిదేశం చెట్టు కాస్తదంట్రా?" అని పేటంతా నవ్వింది. ఊటీ చెట్టని పేరు పెట్టింది. ప్రేమదాసు వినలేదు. ఎండాకాలం డ్రమ్ముకి తడి గోనె చుట్టాడు. చలి చాలని చోట ఆకు దూసేస్తే చెట్టు పడుకుని లేస్తుందని నర్సరీవాడు చెప్పాడు కనక, డిసెంబరులో ఆకంతా దూసేశాడు. ఈకలు పీకిన కోడిలా ఉందని మళ్లీ నవ్వారు.

నిరుడు పూసింది. ఆ వారమే చేలో మిరపకి పట్టిన ఆకుముడతకి మందు కొట్టారు. పడమటి గాలికి తుంపర కంచె దాటి వచ్చింది. పూలన్నీ రాలిపోయాయి. కొట్టింది ప్రేమదాసే. ఈ ఏడు నాలుగు పిందెలు నిలిచాయి, రేగిపళ్లంత. నవ్విన నోళ్లలో తలా ఒక ముక్క పెట్టి మూయించాలని అతని పంతం.

"బుల్లయ్యగారండీ, గాలి ఇంటివైపు ఉందండి," అన్నాడు. "కంచె పక్క సాళ్లు సాయంత్రం గాలి మళ్లాక కొడతానండి."

"ఏరా, నీ ఊటీ చెట్టు కోసం నా మిరప ముడుచుకు చావాలా? కొడతావా, నీ బదులు యలమందయ్యని పిలిపించమంటావా?"

ప్రేమదాసు మీట గుంజాడు. ఆ మీట బుల్లయ్య మెడే అనుకుని గుంజాడు. కంచె దగ్గరికి వచ్చేసరికి పెళ్లాం మీద అరిచాడు.

"ఒసేయ్ రెబ్కా! చెట్టు మీద చీర కప్పవే!"

రెబ్కా దండెం మీది చీర లాగి తెచ్చింది. చెట్టు దగ్గర ఒక్క క్షణం నిలబడింది. ఏమనుకుందో, గిరుక్కున తిరిగి ఆ చీర తీసుకెళ్లి తాగేనీళ్ల తొట్టి మీద కప్పింది.

"చెట్టు మీదే! కళ్లు కనపడట్లా?"

"కనపడతన్నయ్. పెళ్లయినకాణ్ణుంచీ కనపడతన్నయ్. ఈ మందు ఈ తొట్లో పడతంది. దండెం మీద బట్టల్లో పడతంది. పోయినేడు నేను మూడు రోజులు కక్కుకుంటే ఎండదెబ్బ, మజ్జిగ తాగమన్నావు. ఏనాడన్నా ఆయన్తో 'గాలి ఇంటివైపు ఉందండీ' అన్నావా? ఇయ్యాళ నాలుగు పిందెలకి నోరొచ్చిందా నీకు?"

ప్రేమదాసుకి ఒళ్లు మండిపోయింది. తిట్టడానికి నోరు తెరిచాడు. తొట్టి మీది చీర మీద కళ్లు పడ్డాయి.

"ఏందిరా మొగుడూ పెళ్లాల పంచాయితీ? కొట్టు!" గట్టు మీంచి అరిచాడు బుల్లయ్య.

ప్రేమదాసు పంపు విప్పి సాలు మధ్య దించాడు. "కొట్టనండి. గాలి ఇంటివైపు ఉంది."

"మళ్లీ ఆ చెట్టేనా?"

"చెట్టు మీద చీర లేదండి. చూసుకోండి, నీళ్ల తొట్టి మీద ఉంది."

"నా చేలో మళ్లీ కాలు పెట్టావంటే విరగ్గొడతా!"

కబురందుకుని యలమందయ్య వచ్చాడు. ప్రేమదాసుతో కలిసి కూలికి పోయేవాడే. అతని గుడిసె అదే చేనుకి పడమటి పక్కన ఉంది. పంపు వీపున వేసుకుని మీట గుంజుతూ కంచె దాకా వచ్చాడు.

"ఏరా, చెట్టుకోసం కూలి పోగొట్టుకున్నావంట?" అని నవ్వాడు.

ప్రేమదాసు కంచె పట్టుకుని నిలబడ్డాడు. అతని కోపం ఇంకా తగ్గలేదు. అయితే అది ఇప్పుడు బుల్లయ్య మీదా కాదు, రెబ్కా మీదా కాదు, తన మీదే.

"సాయంత్రం కొడతానని అడిగాన్రా నేను. సాయంత్రం గాలి ఎటు మళ్లుద్దో తెలుసా? మీ ఇంటిమీదికి. అదీ నేనడిగింది. మీ ఆడది తొట్టి మీద ఏమన్నా కప్పుద్దా?"

యలమందయ్య నవ్వు ఆగిపోయింది. పడమటివైపు తిరిగి చూశాడు. మీట మీద చెయ్యి కదల్లేదు.

"ఏరా, ఆపావేం?" గట్టు మీంచి కేక వినపడింది.

యలమందయ్య పంపు విప్పి కంచె పక్కన దించాడు.